తడవని అగ్గిపెట్టె

ట్రెక్కులకి వెళ్లే నా బ్యాగులో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. పాత టిఫిన్ క్యారియర్‌లో పచ్చడి పెట్టుకోడానికి ఇచ్చేది. మూత బిగుతుగా పడుతుంది. అందులో జిప్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, ఒక లైటరు, వేజలీన్ పట్టించిన దూది ఉండలు పది, కర్పూరం బిళ్లలు, నాలుగు మిరియాలు, వేలెడు పొడవున కోసిన సైకిల్ ట్యూబు ముక్కలు. అంతే. ఇవే సామాన్లని నల్లటి సంచీలో సర్ది 'సర్వైవల్ కిట్' అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతారు, ఒక ఫెర్రో రాడ్ కలిపి. 1903లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనిపెట్టిన లోహమిశ్రమం అది. గీకితే చాలు, తడిసినా తుడిచి గీకితే, రవ్వలు జలజలా రాలతాయి. నా దగ్గరా ఒకటి ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ రవ్వ పుట్టించడం ఎప్పుడూ అంత కష్టం కాదు. ఆ రవ్వ పడే చోట పొడిగా ఏముంది అన్నదే అసలు సంగతి.

అగ్గిపుల్ల మహా అయితే పది పదిహేను సెకన్లు మండుతుంది. ఆలోపు మణికట్టంత కట్టె అంటుకోదు. ముందు దూది, దూది నుంచి ఈనె లాంటి పుల్లలు, వాటి నుంచి వేలంత పుల్లలు, ఆ తర్వాతే కట్టె. వట్టి దూది భగ్గుమని ఆరిపోతుంది. అదే వేజలీన్ పట్టించిన దూది మూడు నాలుగు నిమిషాలు నిలబడుతుంది. దీపంలో వత్తి కాలిపోకుండా నూనె ఎలా మండుతుందో ఇదీ అంతే. యూట్యూబులో తెల్లవాళ్లు దీన్నొక చిట్కాలా చెబుతుంటే మన దేవుడి గూడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కర్పూరం నీళ్ల మీద తేలుతూ కూడా మండుతుంది, కాకపోతే మూత వదులైతే గాల్లో కలిసిపోతుంది. అందుకే మిరియాలు వేయమంటుంది మా అవ్వ. మిరియాల వల్ల ఆగుతుందో, మూత బిగుతు వల్ల ఆగుతుందో గానీ, నేనైతే రెండూ పాటిస్తాను.

ట్యూబు ముక్కలు మాత్రం మా నాయిన దగ్గర నేర్చుకున్నవి. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వచ్చే రోజుల్లో మోటరు వేయడానికి బాయికాడికి పోయేవాడు. చలికాలమైతే గట్టు మీద పత్తికట్టెతో మంట వేసుకునేవాడు. మంచుకి కట్టె చెమ్మగిల్లితే ఒక ట్యూబు ముక్క అంటించి కింద పెట్టేవాడు. నల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరే వాసన, కానీ ఆరదు. అగ్గిపెట్టెని పాలకవర్లో మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసి బనీను జేబులో పెట్టుకునేవాడు. కవర్ విప్పి, మళ్లీ అంతే ఓపిగ్గా చుట్టడం చూసి నేను విసుక్కుంటే, "గీకినప్పుడు కాదు బిడ్డా అగ్గి అంటుకునేది, ఇంట్ల సదురుకున్నప్పుడే" అనేవాడు.

జాక్ లండన్ 'టు బిల్డ్ ఎ ఫైర్' కథని రెండుసార్లు రాశాడు. 1902లో కుర్రాళ్ల పత్రికకి రాసినప్పుడు అందులో మనిషి చేతులు కాల్చుకునైనా బతుకుతాడు. 1908లో మళ్లీ రాసినప్పుడు చచ్చిపోతాడు. ఈ రెండో కథలో మనిషి దగ్గర డెబ్బై అగ్గిపుల్లలున్నాయి, జేబులో ఎండిన బిర్చ్ బెరడుంది. సామాన్లకి లోటు లేదు. మంచు పేరుకున్న చెట్టు కింద మంట వేస్తాడు, కొమ్మల మీది మంచు జారి మంట మీద పడుతుంది. అప్పటికి వేళ్లు కొయ్యబారాయి. పుల్ల విడిగా పట్టుకోలేక డెబ్బై పుల్లలూ ఒకేసారి గీస్తాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ వేళ్లే గుర్తుంటాయి. వేళ్లు ఆడుతున్నప్పుడు చేసి పెట్టుకున్నదే వేళ్లు ఆడనప్పుడు అక్కరకొస్తుంది.

అడవిలో నేను మంట వేయను. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, ఎండాకాలం ఆకులు రాలి ఉన్నప్పుడైతే ఒక్క రవ్వ చాలు గుట్టంతా అంటుకోవడానికి. డబ్బా ఆపదకే. సాధనంతా వికారాబాద్ దగ్గర ఒక స్నేహితురాలి పొలంలో, వానాకాలంలోనే. వచ్చిన అమ్మాయిలు ముందు ఫెర్రో రాడ్ కోసమే చెయ్యి చాపుతారు. నేను కత్తి ఇచ్చి, తడి కట్టెని చీల్చి లోపలి పొడి చెక్కు తియ్యమంటాను. వెలిగించడం చివరి పని. ఆ తర్వాత ఆర్పడం ఉంటుంది. నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, బూడిద మీద చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా.

అగ్గిపెట్టెలు అందరికీ అందకముందు నిప్పుని పుట్టించడం కన్నా దాచడమే తేలిక. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,300 ఏళ్ల కిందటి మనిషి దగ్గర బిర్చ్ బెరడుతో చేసిన డబ్బా ఉంది. అందులో పచ్చి మేపుల్ ఆకుల్లో చుట్టి నిప్పుకణికలు మోసుకెళ్లినట్టు ఆనవాళ్లున్నాయి. మా అవ్వ చిన్నప్పుడు రాత్రి పొయ్యిలో నిప్పుని బూడిద కింద కప్పి, పొద్దున ఊది లేపేవారట. ఏ ఇంట్లోనైనా ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి పోయేవాళ్లు. కప్పేదీ, ఊదేదీ, తెచ్చేదీ ఆడవాళ్లే.

నాయిన పోయింది మూడేళ్ల కింద, ఆగస్టులో. రెండు రోజులుగా ముసురు. నేను ఒక్కదాన్నే బిడ్డను. నిప్పు కుండ నేను పట్టుకుంటానన్నాను. "ఆడివిల్ల కాటికి రావద్దు బిడ్డా" అన్నాడు చిన్నాయిన. కసిరి కాదు, ఏడుస్తూనే అన్నాడు. పెద్దనాయిన కొడుకు పట్టుకోవాలని తేలింది. కానీ కుండలో పిడకలు అంటుకోవడం లేదు. కొట్టంలో చెమ్మ పట్టాయి. గ్యాసు వచ్చాక ఎవరింట్లోనూ కిరోసిన్ లేదు. అన్న పుల్ల మీద పుల్ల గీస్తున్నాడు, ఆరిపోతున్నాయి. శవం లేవాలని వెనక నుంచి తొందర.

నేను లోపలికి పోయి డబ్బా తెచ్చాను. పిడక విరిచి లోపలి పొడి భాగం పైకి పెట్టాను. కింద దూది ఉండలు మూడు, పక్కన కర్పూరం, మీద చిట్టిపిడక ముక్కలు గాలి ఆడేలా. ట్యూబు ముక్క వాసనొస్తుందని వెయ్యలేదు. నాయినైతే వేసేవాడు. అంటుకుంది. ఎర్రగా కణికలయ్యేదాకా ఊదాను. ఎవరూ వద్దనలేదు, పక్కకు జరగమనలేదు. తర్వాత అన్న వంగి నా చేతుల ముందు నుంచి కుండ ఎత్తుకున్నాడు. ఊరి చివర చింతచెట్టు దాకా పోయి ఆడవాళ్లం ఆగిపోయాం. కాటి దాకా కణిక ఎర్రగానే ఉందని సాయంత్రం అన్న చెప్పాడు. తృప్తిగా ఉండాలని చెప్పాడు, నిజంగానే ఆ మాటకి తృప్తి కలిగింది. ఆ తృప్తి కలిగినందుకే ఎక్కువ కోపమొచ్చింది. రాజెయ్యడానికి అడ్డురాని ఆడపుట్టుక మొయ్యడానికే అడ్డొచ్చింది.

కూతురు తలకొరివి పెట్టిందని పేపర్లో తరచూ చూస్తాం. చాలావరకు 'కొడుకులు లేకపోవడంతో' అనే మాటతోనే మొదలవుతాయా వార్తలు. మా ఇంట్లో కొడుకు లేకపోయినా అన్న ఉన్నాడు, అది సరిపోయింది వాళ్లకి.

పోయినేడు సంవత్సరీకానికి అందరం కూడాం. భోజనాలయ్యాక అమ్మ విస్తళ్లు తీస్తూ తీస్తూ ఆగి, చిన్నాయినతో అంది, "నాకు మాత్రం నా బిడ్డే పట్టాలె అగ్గి." ఎవరూ మాట్లాడలేదు. చిన్నాయిన తల వంచుకుని, "గిప్పుడెందుకు వదినా ఆ మాటలు, అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు.

"అప్పుడు నేనుండనయ్యా. అందుకే ఇప్పుడు చెప్తున్న" అంది అమ్మ.