గంగాళానికి తూటు పెట్టలేదు

మా బరంపురం ఇల్లు చూసినవాళ్ళకి తెలుసు. వీధి గుమ్మం నుంచి పెరటి తలుపు దాకా గది వెనక గది, రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. 1936లో గంజాం కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసినప్పుడు మావాళ్ళు ఇల్లు మారలేదు, చిరునామాలో రాష్ట్రం మారిందంతే. అప్పట్నుంచీ నాలుగు తరాలు ఇదే పెరట్లో మొహాలు కడుక్కున్నాం. నూతి పక్కన చప్టా, దానిమీద గోలెం, చేతికో చెంబు. కడిగిన నీళ్ళు అరటిపాదుకి పోయేవి. సింకుతో మాకు పనే పడలేదు.

పోయిన వానాకాలం మామ్మ ఆ చప్టా మీదే జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషనయింది. ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తోంది. పెరటిదాకా వెళ్ళలేదు కాబట్టి, ఆవిడ గదిని ఆనుకుని ఎప్పుడో కట్టి వదిలేసిన చిన్న బాత్రూముని బాగుచేయిద్దాం అనుకున్నాం. టైల్సు, కమోడు ఒక్క పూటలో తేలిపోయాయి. సింకు దగ్గరే నెల పట్టింది.

కొట్టుకి వెళితే ఇన్ని రకాలుంటాయని అప్పుడే తెలిసింది. కింద స్తంభం ఉన్నది పెడెస్టల్. పైపులు కనబడవు, చూడ్డానికి నిండుగా ఉంటుంది, కానీ వెనకాల తుడవడానికి చెయ్యి దూరదు. గ్రానైటు పలక కింద బిగించేదైతే పలక మీద నీళ్ళు నేరుగా సింకులోకి తోసెయ్యొచ్చు. పలక మీద గిన్నెలా కూర్చునేది టేబుల్‌టాప్. ఇప్పుడు అందరిళ్ళల్లోనూ అదే. గోడకి బిగించే మామూలు తెల్లది అన్నిటికన్నా చవక. దాన్ని మేం సరిగ్గా చూడనైనా లేదు.

ఇంతలో బెంగళూరులో ఉన్న మా చెల్లి ఒక ఫోటో పంపింది. పాత ఇత్తడి పాత్రకి అడుగున తూటు పెట్టి టేబుల్‌టాప్ సింకుగా మార్చేశారు. అటక మీద మామ్మ గంగాళం ఉండనే ఉంది. 1958లో ఇచ్ఛాపురం నుంచి కాపురానికి వచ్చినప్పుడు సారెతో తెచ్చుకున్నది. మూతి పదహారు అంగుళాలు, సరిగ్గా సరిపోతుంది. మన వారసత్వం రోజూ కళ్ళముందు ఉంటుందని మేమంతా తెగ మురిసిపోయాం. దింపి, చింతపండు పెట్టి తోమాం. బంగారంలా మెరిసింది.

ఆ చప్పుడుకి మామ్మ వాకరుతో వచ్చి నిలబడింది. సంగతి చెప్పాం.

"ఒరే, దీంట్లో పెళ్ళిళ్ళకి పానకం కలిపేం రా. ఇప్పుడు మీరంతా పళ్ళు తోముకుని ఇందులో ఉమ్ముతారా?" అంది. కాసేపాగి, "అయినా అంతెత్తున పెడితే నాకెలా అందుతాది? నేను కూకుని కడుక్కోవాలి కదా" అంది.

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. గది బాగుచేయిస్తున్నది ఆవిడ కోసం. నెల రోజులుగా ఆవిణ్ణి తప్ప అందర్నీ అడిగాం.

మర్నాడు టేపు పట్టుకుని కొలతలు మొదలెట్టాం. మామ్మని కుర్చీలో కూర్చోబెడితే మోకాళ్ళు నేల నుంచి 22 అంగుళాలు. సింకు అంచు మామూలుగా 32, 34 అంగుళాల ఎత్తులో పెడతారు. కూర్చున్న ఆవిడకి అది ఎత్తవుతోంది. స్తంభం ఉంటే కుర్చీ ముందుకి జరగదు. చివరికి మేం చూడని ఆ గోడ సింకే మిగిలింది. లోతు తక్కువున్నది చూసి తెచ్చి, అంచు 30 అంగుళాలకి పెట్టమన్నాం. మేం కొంచెం వంగితే పోయేదేముంది? ఆరేళ్ళ మా చిన్నదానికీ అందుతుంది.

ప్లంబరు కేంద్రాపడా వైపు మనిషి. దేశంలో ఎక్కడికెళ్ళినా ఆ జిల్లా ప్లంబర్లు కనిపిస్తారు. గోడ తట్టి చూసి, ఇది సున్నంతో కట్టిన పాత గోడ, బోల్టు పట్టదన్నాడు. అక్కడ గోడ తొలిచి కాంక్రీటు దిమ్మ పోయించాడు. వారం రోజులు తడిపాకే సింకు బిగించాడు. "మామ్మగారు దీన్ని పట్టుకుని లేవకూడదు, సింకు ఊడొస్తుంది" అని ఒడియాలో మరీమరీ చెప్పి, పక్కన స్టీలు కడ్డీ వేరే వేశాడు. ఏ కొట్టులోనూ మాకీ మాట చెప్పలేదు.

మొదటిరోజు పొద్దున్న మామ్మ కుర్చీలో కూర్చుంది. కుళాయి తిప్పి, చెంబు నిండా పట్టుకుని, ఆ చెంబుతోనే మొహం కడుక్కుంది. తుడుచుకుంటూ, "ఈ నీళ్ళెక్కడికి పోతాయి?" అని అడిగింది. కాలవలోకన్నాం. ఏమీ అనలేదు, పెరటివైపు చూసింది. ప్లంబరుని మళ్ళీ పిలిచి, ఆ గొట్టం ఒక్కటీ అరటిపాదుకి తిప్పించాం.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పని పెట్టుకుంటే, కొట్టుకి వెళ్ళేముందు పెద్దవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి టేపు పెట్టి కొలవండి. గంగాళం మళ్ళీ అటకెక్కలేదు. వచ్చే శ్రీరామనవమికి అందులో పానకం కలుపుతాం. బెల్లం ఎంత వెయ్యాలో మామ్మ చెబుతుంది.