నాన్న తుపాకీ

మా ఇంట్లో తుపాకీ ఉండేదంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మరు. నాన్న 17 ఏళ్లు ఆర్మీలో చేసి వచ్చాక బ్యాంకులో గార్డుగా చేరారు. సొంత లైసెన్సు మీద కొన్న 12 బోరు డబుల్ బ్యారెల్ ఆయనది. కాల్చినా కాల్చకపోయినా మా గోదావరి చెమ్మకి ఇనుము ఊరుకోదు కదా, ప్రతి ఆదివారం టిఫిన్లయ్యాక వరండాలో పాత దుప్పటి పరిచి తుడిచేవారు. పక్కన అన్నయ్య కూర్చునేవాడు. అమ్మ పాత నేతచీర చింపి ముక్కలివ్వడం వరకే నా పని. "నీకెందుకమ్మా" అని గడప దాటనిచ్చేవారు కాదు.

ఇప్పుడాయనకి 78. చేతులు వణుకుతున్నాయి. లైసెన్సు ఇక రెన్యువల్ చేయించనని, స్టేషన్లో అప్పగించేస్తానని తనే అన్నారు. "మురికిగా మాత్రం ఇవ్వకూడదు." అన్నయ్యేమో డాలస్‌లో ఉన్నాడు. రెండ్రోజులు తనే తంటాలు పడి, మూడోరోజు "రా అమ్మడూ" అని పిలిచారు. నాకు 46 ఏళ్లొచ్చాక!

ముందు తుపాకీ తెరిపించి, రెండు గొట్టాలూ ఖాళీయేనా అని నా చేత చూపించారు. తను మళ్లీ చూశారు. కిటికీలన్నీ తీయించారు. ఆ సాల్వెంట్ వాసన తలకెక్కుతుంది మరి. గొట్టాలు విడదీశాక పుల్‌త్రూ ఇచ్చారు. ఒక తాడు, ముందు ఇత్తడి గుండు, వెనక గుడ్డ దూర్చే కన్ను, అంతే. తూటా పెట్టే వైపు నుంచి గుండు జారవిడిచి, మూతి వైపు నుంచి లాగాలి. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ ఒకసారి లాగి, నానడానికి కాసేపు వదిలేశాం. మొండి అంట్లు నానబెట్టినట్టే! తర్వాత ఇత్తడి బ్రష్షు, ఆపైన పొడిగుడ్డలు.

మొదటి పొడిగుడ్డ పెద్దదైపోయి నడిమధ్య ఇరుక్కుంది. నా ప్రాణం పోయింది. నాన్న కంగారుపడలేదు. గుడ్డ వెనక ఇంకో తాడు ఎందుకు కట్టించారో అప్పుడర్థమైంది. దాన్ని పట్టుకుని వెనక్కి లాగించారు. "మీ అన్నయ్య కూడా మొదటిరోజు ఇలాగే ఇరికించాడు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఇద్దరూ నాకు చెప్పలేదు చూడండి!

నల్లగా వచ్చిన గుడ్డలు బూడిదరంగుకి తిరిగాయి, ఆఖరికి తెల్లగానే వచ్చాయి. గొట్టం వెలుతురుకి పెట్టి చూస్తే లోపల ఉంగరాలు ఉంగరాలుగా మెరుపు. చివర నూనె గుడ్డ ఒక్కసారి. "ఎక్కువొద్దు, కారి కర్రలోకి దిగుతుంది." సబ్బుతో చేతులు కడుక్కుని గానీ వంటింట్లోకి వెళ్లొద్దన్నారు, సీసం మసి ఉంటుందని.

స్టేషన్లో రైటరు గొట్టంలోంచి చూసి "బాగా ఉంచారండీ" అన్నాడు.

"మా అమ్మాయి తుడిచింది" అన్నారు నాన్న.

రసీదు తీసుకుని ఆటో ఎక్కాం. దారిలో ఒక్క మాటా లేదు. తాడు మాత్రం ఇవ్వలేదు, నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.