హల్లూ హల్లూ గెలిచే పహిల్వాన్

మన ఇళ్లల్లో కాస్త ఒళ్లున్న పిల్లాడికి అసలు పేరుతో పనుండదు. గోలూ, మోటూ, పహిల్వాన్, హాథీ. అఖీఖా రోజు పెద్దలంతా కూర్చుని, ఆలోచించి పెట్టిన పేరు ఆధార్ కార్డు మీదే ఉండిపోతుంది. పిలిచేవాళ్లు మొహబ్బత్‌తోనే పిలుస్తారు, అందులో షక్ లేదు. పిలిపించుకునేవాడి దిల్‌లో ఏముందో మాత్రం ఎవరూ అడగరు.

మా చిన్నోడికి పదమూడేళ్లు. పెద్ద అంబర్‌పేట్‌లో మేముండే గల్లీలో వాడి ఈడు పిల్లలంతా తీగల్లా ఉంటారు. వీడొక్కడే నిండుగా, వాళ్ల దాదా పోలికతో ఉంటాడు. క్రికెట్‌లో వాడికి ఎప్పుడూ కీపింగే ఇస్తారు, పరిగెత్తే పని తక్కువని. పోయినేడాది బడిలో పరుగు పందాలు జరిగిన రోజు ఎవరో ఒక మాటన్నారు. ఏమన్నారో వాడు ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత వారం పాటు టిఫిన్ డబ్బా పెట్టింది పెట్టినట్టే ఇంటికొచ్చింది. వాళ్లమ్మీ రోజూ మూత తీసి చూసేది, ఖామోష్‌గా మళ్లీ మూత పెట్టేది.

ఆ రోజుల్లోనే వాడికి స్నార్లాక్స్‌తో దోస్తీ కుదిరింది.

పోకెమాన్ అంటే పిల్లలున్న ఇంట్లో చెప్పక్కర్లేదు. 1996లో జపాన్‌లో మొదలైన ఆట. రకరకాల జీవాలను పట్టుకుని, పెంచి, ఒకదానితో ఒకటి తలపడేలా చేయాలి. అందులో స్నార్లాక్స్ ఒకటి. జపాన్‌లో దాని పేరు కాబిగాన్. ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు, బరువు 460 కిలోలు, రోజుకు 400 కిలోల తిండి తింటేగానీ కడుపు నిండదు. తిన్నాక నిద్ర. మొదటి ఆటలో అది నడిరోడ్డు మీద పడుకుని దారి మూసేస్తుంది. ప్రత్యేకమైన పిల్లనగ్రోవి ఊదితే తప్ప లేవదు. సంక్రాంతి ముందు మా ఓఆర్ఆర్ జంక్షన్ దగ్గర విజయవాడ హైవే చూసినవాళ్లకు ఆ సీను కొత్తగా అనిపించదు.

"ఎందుకు బేటా, ఇన్ని వందల పోకెమాన్లలో ఈ సోమరిపోతే దొరికిందా?" అంది వాళ్ల దాదీ.

"సోమరిపోతు కాదు దాదీ. దీని స్పీడు 30. అంతే."

ఆ 30 అన్న లెక్క నాకు నచ్చింది. రిపోర్టర్ అలవాటు, కూర్చోబెట్టి పూర్తిగా అడిగాను. ప్రతి పోకెమాన్‌కూ ఆరు అంకెలుంటాయి. స్నార్లాక్స్ ప్రాణశక్తి 160, దాడి 110, డిఫెన్స్ 65, స్పెషల్ దాడి 65, స్పెషల్ డిఫెన్స్ 110, వేగం 30. అంటే నిప్పు, కరెంటు లాంటి స్పెషల్ దెబ్బలను హాయిగా కాచుకుంటుంది. గుద్దుడు, తోపుడు లాంటి శరీరపు దెబ్బల దగ్గరే కమ్‌జోర్. కుస్తీపట్ల పోకెమాన్లు కొడితే దెబ్బ రెట్టింపు.

మరి ఆ కమ్‌జోరీని ఏం చేయాలి? పాత గోల్డ్, సిల్వర్ ఆటల్లో దానికో ఇలాజ్ ఉంది. 'కర్స్' అనే చాల్. పేరుకు బద్దుఆ. వాడితే దాడి, డిఫెన్స్ ఒక్కో మెట్టు పెరుగుతాయి, వేగం ఒక మెట్టు తగ్గుతుంది. ఒక మెట్టుకు ఒకటిన్నర రెట్లు. ఆరు మెట్లెక్కితే నాలుగు రెట్లు. "వేగం ఇంకా పడిపోతుంది కదరా?" అన్నాను. "ఎలాగూ ఆఖర్నే కొడతాం కదా అబ్బా. లేని స్పీడు పోతే నష్టమేంటి?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

రెండో చాల్ 'రెస్ట్'. పడుకుంటే ప్రాణశక్తి మొత్తం నిండుతుంది, విషం ఎక్కినా దిగిపోతుంది. ఖరీదు రెండు టర్న్‌ల నిద్ర. ఆ నిద్రలోనూ ఊరికే ఉండకుండా 'స్లీప్ టాక్' ఉంది, కలవరింతలోనే ఏదో ఒక దెబ్బ కొడుతుంది. చేతిలో 'లెఫ్టోవర్స్', అంటే మిగిలిన తిండి. ప్రతి టర్న్ చివర మొత్తం ప్రాణశక్తిలో పదహారో వంతు తిరిగొస్తుంది. ఆ ఆటలో నిండుగా పెంచిన స్నార్లాక్స్‌కు 523 ఉంటే, టర్న్‌కు 32 చొప్పున. రాత్రి మిగిలిన బగారా తెల్లారి నాష్తాకు పనికొచ్చినట్టు. దాదీకి ఈ ఒక్క ముక్కా బాగా అర్థమైంది.

ఆ తరం ఆటలో స్నార్లాక్స్ బాద్‌షా. పోటీకి దిగేవాళ్లలో అది లేని టీము అరుదు. ఎదుటివాడి టీము కట్టేటప్పుడు మొదటి సవాల్ ఇదే: స్నార్లాక్స్ వస్తే ఏం చేస్తావ్?

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి ఇంకో సవాల్ వచ్చి ఉంటుంది. 2001లో సౌదీ అరేబియా గ్రాండ్ ముఫ్తీ పోకెమాన్‌ను వద్దంటూ ఫత్వా ఇచ్చారు. కార్డుల మార్పిడిలో జూదం పోలిక ఉందన్నది అందులో ఒక ఏతరాజ్. మసలా చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను, తెలిసినవాళ్లను అడగండి. మా ఇంట్లో మాత్రం మూడు షరతులు. పైసా పెట్టకూడదు, అజాన్ వినపడితే ఫోన్ కింద పెట్టాలి, రాత్రి తొమ్మిది తర్వాత ఆట బంద్. వాడు ఆడేది బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే పోకెమాన్ షోడౌన్. అందులో పాత తరాల ఆటలూ ఆడొచ్చు, కొనాల్సిందేమీ లేదు.

ఒక ఆదివారం జొహర్ తర్వాత వాడి పక్కన కూర్చుని ఒక పోటీ మొత్తం చూశాను. ఎదుటివాడు జాప్‌డాస్ అనే కరెంటు పక్షిని దింపాడు. మావాడు స్నార్లాక్స్‌ను దింపాడు. పిడుగులు పడ్డాయి, ఇది కదల్లేదు. ఒక కర్స్ వేశాడు. ఎదుటివాడు పక్షిని వెనక్కి పిలిచి స్కార్మరీని తెచ్చాడు, ఉక్కు రెక్కల పక్షి. మావాడు రెండో కర్స్ వేశాడు. అంతే, స్కార్మరీ సుడిగాలి ఊదింది. స్నార్లాక్స్ ఎగిరి వెనక్కి పోయింది. కూడబెట్టిన మెట్లన్నీ సున్నా.

నా గుండె జారింది. ఇంత సబర్‌తో కట్టింది ఒక్క ఊదుడుకు పోయిందే అని. వాడు మాత్రం ఇత్మీనాన్‌గా ఉన్నాడు. సుడిగాలి ఊదితే టీములో ఇంకో పోకెమాన్ దానంతటదే మైదానంలోకి వస్తుంది. ఈసారి వచ్చింది వాడి జాప్‌డాస్. ఉక్కు పక్షికి కరెంటు దెబ్బ రెట్టింపు. రెండు పిడుగులకు స్కార్మరీ పడిపోయింది. తర్వాత స్నార్లాక్స్ మళ్లీ దిగింది, మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఒక కర్స్, ఒక దెబ్బ, ఒక నిద్ర. మగ్రిబ్‌కు ఇంకా టైముందా అని నేను గడియారం చూసుకుంటున్నాను. అప్పటికి ఎదుటివాడి దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

అన్నిసార్లూ ఇలా జరగదు. గెంగర్ అనే దయ్యం వస్తే స్నార్లాక్స్ మామూలు దెబ్బలు దానికి తగలనే తగలవు. భూకంపం నేర్పిస్తే గెంగర్‌ను కొట్టొచ్చు, నిప్పు నేర్పిస్తే స్కార్మరీని కాల్చొచ్చు. కానీ నేర్చుకోగలిగేది నాలుగు చాల్‌లే. ఒకటి పెడితే ఒకటి తీసేయాలి. నిద్ర తీసేస్తే ఆయుష్షు తక్కువ, కర్స్ తీసేస్తే తాకత్ తక్కువ. ఏది వదులుకోవాలో తేల్చుకోవడమే అసలు ఆట. ఆ వారంలోనే వాడు పదకొండు పోటీలు ఓడిపోయాడు. ఒక్కో ఓటమినీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఆ నోట్‌బుక్కులో నేను దాచుకోవాలనుకున్న లెక్క ఒకటుంది. కొత్త ఆటల్లో ఒక్కో పోకెమాన్‌కు 510 తర్ఫీదు పాయింట్లు ఇస్తారు, ఒక అంకెకు 252 మించి వేయడానికి లేదు. నూరో లెవెల్‌లో 252 వేస్తే 63 పెరుగుతుంది. స్నార్లాక్స్ ప్రాణశక్తి 461 ఉన్నచోట 63 కలిపితే దాదాపు 14 ఫీసద్ పెరిగినట్టు. డిఫెన్స్ 166 ఉన్నచోట అదే 63 కలిపితే దాదాపు 38 ఫీసద్. కింద వాడి చేతిరాత: 'ఎక్కువ ఉన్నదానికి కాదు, తక్కువ ఉన్నదానికి వెయ్యి.' శాతాల లెక్కలంటే పారిపోయేవాడు ఇది రాశాడు. టిఫిన్ డబ్బా సంగతి నేను ఎత్తలేదు. అది హల్లూ హల్లూగా ఖాళీ అవడం మొదలుపెట్టింది, మొదట సగం, తర్వాత పూర్తిగా. ఒళ్లు తగ్గలేదు, తగ్గాలని మేమూ అనలేదు. డాక్టర్ సాబ్ చెప్పినట్టు సాయంత్రం నడక మాత్రం నాతోపాటు వస్తున్నాడు.

నడుస్తూనే నాకు 'ట్రిక్ రూమ్' గురించి చెప్పాడు. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటలతో మొదలైన చాల్. అది వేస్తే మైదానం కాయిదా తిరగబడుతుంది. నెమ్మదిగా ఉండేవాళ్లే ముందు కొడతారు, మెరుపులా పరిగెత్తేవాళ్లు ఆఖర్న నిలబడతారు. ఇప్పటి అఫీషియల్ టోర్నమెంట్లలో ఒకేసారి రెండేసి పోకెమాన్లు దిగుతాయి. అక్కడ ఇలాంటి గదిలో స్నార్లాక్స్ చేతికి ముందు వరస దొరుకుతుంది. 'బెల్లీ డ్రమ్' అని సగం ప్రాణం ఖర్చుపెట్టి దాడిని ఆఖరి మెట్టుకు ఎక్కించేస్తుంది. ఆపై ఎదురు నిలిచేవాళ్లు తక్కువ.

"అయితే ముందు ట్రిక్ రూమ్ నేర్పించెయ్ దానికి" అన్నాను.

"స్నార్లాక్స్‌కు అది రాదు అబ్బా. పక్కనున్నవాళ్లు వెయ్యాలి. పోరిగాన్2, డస్‌క్లాప్స్ లాంటివి. అవి దెబ్బలు తింటూ గది కడతాయి, ఇది లోపలికొచ్చి కొడుతుంది."

కొంత దూరం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. హైవే మీద బస్సులు పోతున్నాయి. ఇంట్లో మనం పిల్లలకు కట్టగలిగేది ఆ గదేనేమో అనిపించింది. బయట పరుగు పందెం ఎవరు పెట్టారో, కాయిదా ఎవరు రాశారో మన చేతిలో లేదు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న కాసేపైనా నెమ్మదైనవాడి మాట ముందు వినొచ్చు, అసలు పేరుతో పిలవొచ్చు. అదే వాడితో అన్నాను, నాకు వచ్చిన మాటల్లో.

వాడు పూర్తిగా విన్నాడు. విని ఒక సవరణ చేశాడు. "కానీ అది ఐదు టర్న్‌లే ఉంటుంది అబ్బా. వేసిన టర్న్ కూడా ఐదులోనే లెక్క. చేతికి మిగిలేది నాలుగు. ఆ నాలుగులో పని అయిపోవాలి."