పెట్టని సంతకం

ఫాసిజాన్ని గురించి తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకొక ఇబ్బంది ఎదురవుతుంది. హిట్లర్ ఓడిపోయాడు గదా, కథ ముగిసింది గదా అన్న ధీమా విద్యార్థుల ముఖాల్లో కనిపిస్తుంది. ఆ ధీమాను కదిలించడానికి చరిత్ర గ్రంథాలకంటె నాకెక్కువ తోడ్పడింది వొక ఊహాలోకపు నవల: అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ 1962లో వెలువరించిన ‘ది మాన్ ఇన్ ది హై కాజిల్’. ఇటువంటి రచనలు పలాయనవాదమని కొట్టిపారేసే మిత్రులు దీన్ని వొకసారి చదవాలి.

1933 ఫిబ్రవరిలో మయామీ నగరంలో రూజ్వెల్టుపై నిజంగానే కాల్పులు జరిగాయి. ఆయన బ్రతికాడు, గుండు తగిలిన షికాగో మేయరు తరువాత మరణించాడు. నవలలో మరణించింది రూజ్వెల్టే. దరిమిలా యుద్ధంలో ఫాసిస్టులు గెలుస్తారు. అమెరికా తూర్పు భాగం జర్మనీకి, పసిఫిక్ తీరం జపానుకు లోబడి వుంటాయి. దక్షిణాన బానిసత్వం తిరిగి చట్టమవుతుంది. ఆఫ్రికా ప్రజలను నాజీలు ఊచకోత కోస్తారు.

ఇక్కడ రచయితతో నాకు పేచీ వుంది. చరిత్ర వొక్క తుపాకిగుండు మీద ఆధారపడదు. 1943లో స్టాలిన్‌గ్రాడ్ వద్ద జర్మన్ సేన లొంగిపోయిందంటే దాని వెనుక లక్షలాది సామాన్యుల త్యాగముంది. నవలలోని మనుషులు ఏం చేయాలో తోచక ప్రాచీన చైనా శకున గ్రంథాన్ని ఆశ్రయిస్తారేగాని, సంఘటితమై తిరగబడరు. ఈ లోటు చిన్నది కాదు.

అయినా ఈ పుస్తకాన్ని నేను వదలలేను. కారణం ఫ్రింక్ అనే కార్మికుడు. అతడు యూదు, పేరు మార్చుకొని బ్రతుకుతున్నాడు. ధనికుల మోజు తీర్చడానికి పాతకాలపు తుపాకులకు నకిలీలు చేసే కర్మాగారంలో పనిచేసి, ఉద్యోగం పోయాక, మిత్రునితో కలిసి సొంతంగా కొత్త నగలు చేస్తాడు. వాటిలో వొక వెండి త్రికోణం టగోమీ అనే జపాను వాణిజ్యాధికారి చేతికి వస్తుంది. పార్కులో బెంచీపై కూర్చుని దాన్ని తదేకంగా చూస్తూ, ఆయన కాసేపు మరో లోకంలో పడతాడు. అది మనది, హిట్లర్ ఓడిన లోకం. కాని అక్కడి ఫలహారశాలలో తెల్లవాళ్లు ఆయనకు చోటివ్వరు, జాతిపేర అవమానిస్తారు. ఇది కల్పన అనుకోవద్దు. 1942 నుంచి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది రూజ్వెల్టు ప్రభుత్వమే. మంచిపక్షం గెలిచినంతమాత్రాన న్యాయం గెలిచినట్టు కాదు.

తిరిగివచ్చిన టగోమీ బల్లమీద వొక కాగితం వుంటుంది. పట్టుబడిన వొక యూదుణ్ణి జర్మన్లకు అప్పగించాలి. ఆయన సంతకం పెడితే చాలు. ఆయన పెట్టడు. ఆ ఖైదీ ఫ్రింక్. తాను చూసిన వెండి తునకను చేసిన చేతులు అవేనని ఆయనకు చివరిదాకా తెలియదు.

వొక కార్మికుని శ్రమ మరో లోకాన్ని చూపింది. చూసినవాడు తన లోకంలోనే ధిక్కరించాడు. దీన్ని పలాయనమని నేననలేను. పరిచితుణ్ణి కాపాడడం స్నేహధర్మం. ముఖమైనా ఎరుగని మనిషి కోసం పై అధికారికి ఎదురు నిలవడం రాజకీయం. ఫాసిజం తుపాకులతోనే నడవదు, సంతకాలతోనూ నడుస్తుంది. రేపు ఆఫీసుల్లో, పాఠశాలల్లో, కోర్టుల్లో కూర్చోబోయేది నా ముందున్న ఈ విద్యార్థులే. అటువంటి కాగితాలు వాళ్ల బల్లలమీదికీ వస్తాయి.