శెనువా కొండ మాట

చిలమత్తూరు మీదుగా లేపాక్షికి వెళ్ళే యాత్రికులు ఏకశిలా నందిని చూస్తారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఆశ్చర్యపడతారు, సంతృప్తితో మరలిపోతారు. దారిలో బస్సు ఆగిన చోట వినిపించే పలుకు వారి చెవికెక్కదు. కన్నడం కలిసిన ఆ తెలుగు కూడ తరతరాల సంపదే. అయినా "యాడికి పోతాండావు?" అన్న పలకరింపు పట్నపు కళాశాలలో నవ్వులపాలవుతుంది.

ఇటువంటి పరిహాసం నుండి ఒక జాతికి పేరే ఏర్పడింది. తమ భాష రానివారి పలుకు గ్రీకులకు 'బర్ బర్' అన్న ధ్వనిగా తోచింది. అట్టివారిని వారు 'బార్బరోస్' అన్నారు. సంస్కృతంలోని 'బర్బర' శబ్దమూ ఈ కోవలోనిదే. ఉత్తర ఆఫ్రికాలోని మధ్యధరా తీరపు తొలి నివాసులకు బెర్బర్లు అన్న పేరు అలా వచ్చిందంటారు. వారు మాత్రం తమను 'ఇమాజిఘెన్' అని చెప్పుకొంటారు. స్వతంత్రులని దానికి అర్థం చెబుతారు.

అల్జీరియా రాజధానికి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన తిపాజా అనే రేవు ఉంది. ఫినీషియన్ల వర్తకస్థానంగా మొదలై రోమనుల కాలంలో అది విస్తరించింది. నాటి నాటకశాల, దేవాలయాలు, క్రైస్తవ మందిరాల శిథిలాలు కడలి అంచు వరకు పరచుకొని ఉన్నాయి. సమీపంలోనే గుండ్రని రాతి సమాధి ఒకటి కలదు. రెండవ జూబా రాజుకు, ఈజిప్టు రాణి క్లియోపాత్రా కుమార్తె అయిన ఆయన భార్యకు కట్టినదని ప్రతీతి. జూబా బెర్బరు వంశీయుడే. పసితనంలో బందీగా రోముకు చేరి, అక్కడే పెరిగి, మహాపండితుడై గ్రీకులో గ్రంథాలు రచించాడు. తన జాతి భాషలో ఆయన రాసినట్లు ఒక్క పుస్తకమూ తెలియదు. 1982లో ఈ శిథిలాలకు, సమాధికి యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది.

ఆ రాళ్ళ పక్కనే శెనువా కొండ ఉంది. అక్కడి పల్లెల్లో బెర్బరు పలుకు నేటికీ బతికే ఉంది. రోము సామ్రాజ్యం పోయింది, లాటిను పోయింది, ఆ పలుకు మిగిలింది. దానిని నిలిపినది ఏ రాజశాసనమూ కాదు, పొయ్యి దగ్గర బిడ్డలతో మాట్లాడిన తల్లులు.

1980లో తిజి ఉజూ పట్టణంలో ప్రాచీన బెర్బరు కవిత్వంపై మౌలూద్ మమ్మెరి చేయవలసిన ఉపన్యాసాన్ని అధికారులు నిషేధించారు. పాత పాటలంటే ప్రభుత్వానికి అంత భయమెందుకో! విద్యార్థులు వీధులకెక్కారు. ఆ ఉద్యమం ఏళ్ళ తరబడి సాగింది. వారి భాష 2002లో జాతీయభాష, 2016లో అధికారభాష అయింది. చిక్కు మాత్రం పూర్తిగా తీరలేదు. బడిలో ఆ భాషను పూర్వుల తిఫినాఘ్ లిపిలో రాయించాలా, అరబ్బీలోనా, లాటినులోనా అన్న వాదం నడుస్తూనే ఉంది. లేపాక్షి గుడిలోని కన్నడ శాసనాల ముందు నిలిచి, కన్నడం మాట్లాడగలిగీ చదవలేని చిలమత్తూరు వారికి ఈ చిక్కు కొత్తగా తోచదు.