దారికి అడ్డు నిలిచిన తీతువు

మన పల్లెలలో తీతువు పిట్ట కూత వినబడితే పెద్దలు అపశకునమనేవారు. ఉద్యోగరీత్యా మధ్యప్రదేశ్ చేరిన తరువాత, అక్కడివారు దానిని టిటహరీ అంటారనీ, అది మెట్టనేలలో గుడ్లు పెడితే ఆ యేడు వానలు బాగా కురుస్తాయని నమ్ముతారనీ తెలిసింది. కళ్ళ ముందు ఎర్రని తోలు మడత, నల్లని గొంతు, పసుపుపచ్చని పొడుగు కాళ్ళు గల ఈ పక్షిని మన టౌన్‌షిప్పులలో చూడనివారు అరుదు. అయితే అది వాహనానికి ఎదురు నిలుస్తుందని 1996 మే నెల వరకు మేము ఎరుగము.

అప్పటికి మేము సర్వీసులో చేరి మూడేళ్ళు. ఒకనాటి వేకువన నీటి పంపు ట్రిప్ అయిందని కబురు వచ్చింది. ఇద్దరు ఇంజనీర్లము జీపులో కంకర బాటన పోతుండగా, ఒక తీతువు బాట నడుమ రెక్కలు విప్పి నిలిచి అరవసాగింది. మాకంటె వయసులో పెద్దవారైన డ్రైవరు బ్రేకు వేసి, హారన్ మ్రోగించారు. అది కదలలేదు. "సాబ్, గుడ్లు ఉంటాయేమో, దిగి చూస్తాను" అన్నారు. "వేళ లేదు, పోనివ్వండి" అన్నాము. చివరి క్షణంలో పక్షి ఎగిరింది. చక్రం క్రింద ఏదో నలిగినట్లు కూడా మాకు తెలియలేదు.

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే ఆ పక్షి అక్కడే ఉన్నది. ఈసారి అరవలేదు. డ్రైవరు దిగి చూపించారు: రాళ్ళ నడుమ చిన్న పల్లం, ఎండిన సొన, మచ్చల పెంకులు. ఉదయం మేము ఆదా చేసినది రెండు మూడు నిమిషాలు. ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెప్పలేకపోయాము.

పంచతంత్రంలో, గుడ్లను హరించిన సముద్రంతోనే తగవుపడిన టిట్టిభం కథ చదివి చిన్నప్పుడు నవ్వుకున్నాము. ఇప్పుడు పక్షుల పుస్తకాలు తెచ్చి చదివాము. తీతువు గూడు అల్లదు. సాధారణంగా మార్చి నుండి ఆగస్టు వరకు బయలు నేలపై, కంకరలో, ఒక్కొక్కప్పుడు రైలు పట్టాల నడుమ రాళ్ళలో నాలుగు గుడ్లు పెడుతుంది. నేల రంగులో కలిసిపోవటమే వాటికి రక్ష. ఆడ, మగ మన షిఫ్టు డ్యూటీ వలె వంతులవారీగా 28 నుండి 30 రోజులు పొదుగుతాయి. ఎండ ముదిరినప్పుడు పొట్ట ఈకలు నీట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పశువులు సమీపిస్తే రెక్కలు చాచి అదిలిస్తాయి. దాని కంటికి మన జీపు కూడా మరొక పశువే.

2023 ఏప్రిల్‌లో మా పర్యవేక్షణలో ఒక అంతర్గత రహదారి మరమ్మతు జరుగుతుండగా, రోలరుకు ఎదురుగా మరొక తీతువు నిలిచింది. ఆపరేటరు మా వంక చూశాడు. ఇంజను ఆపించి, అందరము దూరంగా జరిగాము. పది నిమిషాలలో పక్షి తానే వెళ్ళి గుడ్లపై కూర్చున్నది. అరిచిన చోట వెదికి ఉంటే తొక్కి ఉండేవారము. చుట్టూ సున్నం పూసిన రాళ్ళు పెట్టించి, బార్ చార్టులో ఆ ముక్కను చివరికి జరిపి, పని రెండవ కొస నుండి మొదలుపెట్టించాము. ఒక్క రోజు కూడా అదనంగా పట్టలేదు. పందొమ్మిదవ నాడు మూడు పిల్లలు తల్లి వెంట కాలువ వైపు నడచిపోయాయి. ఒక గుడ్డు పొదగలేదు.

వేసవిలో కారు నడిపే సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. తీతువు ఎదురు నిలిస్తే బండి ఆపండి, హారన్ మ్రోగించవద్దు. తల్లి ప్రమాదపు కూత వినగానే పిల్లలు పరుగెత్తవు; ఉన్నచోటనే నేలకు కరుచుకుపోతాయి. ఆ చోటు మీ చక్రం ముందే కావచ్చు. గుడ్లు కనబడితే తాకక, నెమ్మదిగా పక్కనుండి పోనివ్వండి.

పదవీ విరమణ చేసి స్వగ్రామంలో ఉంటున్న ఆనాటి డ్రైవరుకు ఫోను చేసి, పిల్లలు లేచాయని చెప్పాము.

"ఎన్ని సాబ్?"

"మూడు."

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "ఆనాడు నాలుగు ఉండినవి" అన్నారు.