తెనాలి తాతయ్యల దగ్గరికి

విజయవాడ స్టేషన్లో తెనాలి వైపు వెళ్లే పాసింజరు కోసం నిలబడి మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) సంగతి చెప్పాను. మైలవరం పక్కన మా ఊళ్లో డబ్బాలో వేసిన ఉత్తరం విజయవాడ వస్తుంది. ఇక్కడ పిన్‌కోడ్ చూసి విడదీస్తారు. మళ్లీ సంచీకెక్కి తెనాలి చేరుతుంది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైందని, మొదటి అంకె 5 ఉంటే మన ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక అని వాళ్లకు ఇదివరకే తెలుసు. 522201 వాళ్లకు ఎక్కాలకంటే బాగా నోటికొచ్చు. ఇన్నాళ్లూ ఉత్తరాల మీద రాసిన ఊరికి ఇప్పుడు తామే బయల్దేరారు.

ఈ ఉత్తరాలకు కారణం మా నాన్నగారి స్నేహితుడు, తెనాలిలో ఉంటున్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఒకసారి ఫోన్లో, "ఇక్కడ సాయంత్రం అరుగు మీద కూర్చునే పెన్షనర్లం చాలామందిమి ఉన్నామమ్మా, అందరికీ రాయడం వచ్చు, రాయడానికి మనిషే లేడు" అన్నారు. మా బళ్లో పిల్లలకేమో ఉత్తరం అంటే పరీక్షలో వచ్చే ప్రశ్న. సెలవు మంజూరు చేయమని ప్రధానోపాధ్యాయునికి లేఖ, విహారయాత్ర గురించి మిత్రునికి లేఖ. ఆ మిత్రుడు ఎవరో వాళ్లకు తెలియదు, జవాబు రాదనీ తెలుసు. జవాబు రాని ఉత్తరం ఎన్నిసార్లు రాయిస్తే ఏం లాభం?

అందుకని ఒక్కో పిల్లకూ పిల్లాడికీ ఒక పెద్దమనిషిని కుదిర్చాం. రాకపోకలన్నీ స్కూలు అడ్రసు మీదే. రెండున్నర రూపాయల ఇన్లాండు నేనే ఇస్తాను. అక్షరదోషాలు దిద్దను. అడిగితే తప్ప ఆ ఉత్తరం చదవను. ఈ చివరి మాట దగ్గర తోటి టీచర్లు అభ్యంతరం చెప్పారు. ఆ పెద్దలందరినీ హెడ్మాస్టరు గారు ఏళ్లుగా ఎరుగుదురు, పిల్లల ఇళ్లలోనూ అడిగే మొదలుపెట్టాం, కాబట్టి నేను పట్టు విడవలేదు. మార్కులు వేసే మనిషి చదువుతుందని తెలిస్తే పిల్ల మార్కుల కోసమే రాస్తుంది.

బండి కృష్ణ దాటుతుంటే అందరూ ప్రకాశం బ్యారేజీ కనిపించే వైపు కిటికీల దగ్గర మూగారు. కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు. వరి కోసిన చేలల్లో మినుము, మధ్యమధ్య మొక్కజొన్న. దుగ్గిరాల రాగానే పిల్లలను పిలిచి తుమ్మపూడి గురించి చెప్పాను. దుగ్గిరాల అంటే లోకానికి పసుపు యార్డు. నాకు మాత్రం ఆ మండలంలోనే ఉన్న సంజీవదేవ్ ఊరు తుమ్మపూడి గుర్తొస్తుంది. 1914లో పుట్టి 1999లో కన్నుమూసిన ఆ చిత్రకారుడు, కళావిమర్శకుడు వయసులో ఉండగా హిమాలయాలు తిరిగారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ దగ్గర ఉండి వచ్చారు. ఆ తరవాత పల్లెటూరినే అంటిపెట్టుకుని, అక్కణ్ణుంచే దేశదేశాలవాళ్లతో ఉత్తరాలు నడిపారు. 'తెగిన జ్ఞాపకాలు' ఆయన ఆత్మకథ. ఎవరు రాసినా జవాబిచ్చేవారని పేరు. రాసినవాళ్లలో పండితులూ ఉన్నారు, అప్పుడప్పుడే చదువుకుంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. తెలుగులో ఉత్తరానికి అంత గౌరవం తెచ్చినవాళ్లు తక్కువ.

తెనాలిలో దిగి బజారులోకి రాగానే పిల్లల కళ్లు దుకాణాల బోర్డుల మీదే. బోర్డు కింద 522201 కనిపించినచోటల్లా ఒకటే కేకలు.

పెన్షనర్ల హాల్లో మాత్రం ఆ కేకలన్నీ ఆగిపోయాయి. నెలల తరబడి అంతేసి ఉత్తరాలు రాసుకున్నవాళ్లు ఎదురుపడి, "బాగున్నారా తాతయ్యగారూ", "బాగున్నానమ్మా, నువ్వు?" దగ్గరే నిలిచిపోయారు. ఇది నేను అనుకోనిది, చాలా ఆలోచింపజేసింది. కాగితం ముందు కూర్చున్నప్పుడు పిల్లకు ఎదుట మనిషి వయసు కనపడదు. పెద్దాయనకు తన చెముడు అడ్డు రాదు, వణికే గొంతు అడ్డు రాదు. నాలుగు రోజులు ఆగి, మాట కూడదీసుకుని చెప్పే వీలుంటుంది. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఆ వీలు పోయింది.

మా తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. తండ్రి కువైట్‌లో. బళ్లో పిలిస్తే తప్ప పలకడు. వాడి జోడీ రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఇన్లాండు మడతల్లో చోటు చాలక వాడు అంచుల వెంట కూడా రాస్తాడని నాకు తెలుసు. ఆరోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క మాటా లేదు. కాసేపటికి పెద్దాయన చేతిసంచీలోంచి పాత చేతిదీపం తీశారు. పైన తిప్పుడు పిడి, లోపల ఎర్ర అద్దం, పచ్చ అద్దం. పిడి తిప్పితే అద్దం టక్కున మారుతుంది. రంగు పెచ్చులూడి, పట్టుకునేచోట ఇనుము నున్నగా అరిగింది. వాడు తిప్పాడు, ఎరుపు. మళ్లీ తిప్పాడు, పచ్చ. "బ్రేక్‌వాన్‌లో రాత్రంతా ఒక్కరే ఉంటారని రాశారు కదా, ఇదే దీపమా?" అన్నాడు. ఆయనకు వినపడలేదు. వాడు మళ్లీ, హాలంతా వినపడేంత గట్టిగా అడిగాడు. వాడి గొంతు అంత పెద్దదని నాకు ఆరోజే తెలిసింది.

ఇంకో మూల మామ్మగారొకరు, నర్సుగా పనిచేసినావిడ, మా తరగతి అమ్మాయి ఒకరి జడ వదులైతే మళ్లీ అల్లుతున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన తరవాత ఆవిడ సహాయ శిబిరంలో పనిచేశారు. అక్కడ చూసినవి ఆ పిల్లకు ఉత్తరం వెంట ఉత్తరంగా రాశారు. "మా అబ్బాయిలకే చెప్పలేదు. వాళ్లెప్పుడూ అడగలేదు. ఇది అడిగింది" అన్నారు నాతో. సోషల్ పుస్తకంలో ఉప్పెన పాఠం అయిపోగానే, "అప్పుడు మీరెక్కడున్నారు మామ్మగారూ?" అని ఒక్క వాక్యం రాసిందట పిల్ల. వయసు మళ్లినవాళ్లను మందులు వేసుకున్నారా అనే అడుగుతాం, తిన్నారా అని అడుగుతాం. అప్పుడు మీరెక్కడున్నారు అని అడగం.

భోజనాలయ్యాక హెడ్మాస్టరు గారి స్నేహితుడొకరు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న పోస్టుకార్డు తెచ్చి తన జోడీ పిల్ల చేతికిచ్చారు. డిగ్రీ చదివే రోజుల్లో సంజీవదేవ్‌కు రాస్తే వచ్చిన జవాబు. పదిహేను పైసల కార్డు, సిరా గోధుమరంగుకు తిరిగింది. "నేనెవరో ఆయనకు తెలియదమ్మా. అయినా రాశారు. నీకు నేను రాస్తున్నానంటే అందుకే" అన్నారు. ఆ పిల్ల కార్డును రెండు చేతులతో పట్టుకుని, మొత్తం చదివి, మొదటికొచ్చి మళ్లీ చదివింది.

తిరుగు ప్రయాణంలో బండి కొలకలూరు దాటకముందే ఇన్లాండులు అడగడం మొదలుపెట్టారు. "అడగాల్సినవి మర్చిపోయాను టీచర్", "ఎదురుగా అడగలేకపోయాను టీచర్". బడికి వెళ్లాక ఇస్తానన్నా వినలేదు. ఇద్దరు నోటుపుస్తకం చింపి అక్కడే మొదలుపెట్టారు.

జూన్లో వీళ్లు పదో తరగతికొస్తారు. పరీక్షల సంవత్సరం కదా, ఇక ఉత్తరాలు ఆపించమని ఒకరిద్దరు తల్లిదండ్రులు వచ్చి అడిగారు. ఆపనని చెప్పాను. నెలకొక ఉత్తరం రాస్తే పోయే మార్కులు లేవు. మధ్యలో ఆపేస్తే తెనాలిలో పోస్టుమాన్ కోసం వాకిట్లో కూర్చునేవాళ్లకు నేను చెప్పుకోగల జవాబు లేదు. కువైట్‌లో ఉన్న ఆ అబ్బాయి తండ్రి మాత్రం ఫోన్ చేసి, "మావాడు నాకూ ఉత్తరం రాశాడండీ, జవాబు ఏ అడ్రసుకు రాయమంటారు?" అని అడిగాడు. స్కూలు అడ్రసు, పిన్‌కోడ్‌తో సహా చెప్పి రాయించాను.